మంట వేరు, ముద్ద దిగకపోవడం వేరు

మలికిపురం సెంటర్‌లో ఏ మందుల షాపు దగ్గరైనా సాయంత్రం కాసేపు నిలబడితే చాలు, కోనసీమ పొట్టల పరిస్థితి తెలిసిపోతుంది. “గ్యాస్ బిళ్ళ ఒకటి ఇవ్వండి” అని ఒకరు, “పాన్ ఫార్టీ షీటండి” అని ఇంకొకరు. ఈనో ప్యాకెట్లు అరడజను జేబులో వేసుకుని వెళ్లేవాళ్లు వేరే. చీటీ చూపించమని అడిగేవారూ లేరు, చూపించేవారూ లేరు. చేపల పులుసు గట్టిగా తిన్న రాత్రి గుండెల్లో మంట, పెళ్లి భోజనం తర్వాత పులితేనుపులు, పొట్ట ఉబ్బరం, వెన్నులో పట్టేసినట్టు నొప్పి, ముద్ద గొంతు దిగకపోవడం అన్నీ ఇక్కడ గ్యాస్ కిందే జమ. అందులో కనీసం మూడు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి యాసిడ్ పైకి తన్నడం (రిఫ్లక్స్), చాలామందికి ఉండేదే. రెండోది అన్నవాహికకు పట్టే అలర్జీ వాపు. అది అరుదు, పేరు విన్నవాళ్లు ఇంకా అరుదు. మూడోది అసలు పొట్టకు సంబంధించినదే కాదు, గుండెది.

మొదటిది అర్థం కావాలంటే మలికిపురం మండలంలోని శంకరగుప్తం డ్రెయిన్ గుర్తు చేసుకోవాలి. పొలాల నీళ్లూ వాన నీళ్లూ సముద్రంలోకి పోవడానికి ఉన్న కాలువ అది. పోటు వేళ సముద్రపు నీరు అందులోకి ఎదురెక్కి, కేశనపల్లి చుట్టుపక్కల తోటల్లోకి ఊరింది. మొవ్వు ఎండిపోయి తలలు రాలిన కొబ్బరిచెట్లను అటు వెళ్లినవాళ్లంతా చూసే ఉంటారు. సముద్రంలో ఉన్నంతసేపూ ఉప్పునీరు ఎవరికీ చెరుపు చెయ్యదు. రాకూడని చోటికి వచ్చి, అక్కడ నిలబడినప్పుడే చెరుపు. పొట్టలో యాసిడ్ సంగతీ ఇంతే.

గొంతు నుంచి పొట్ట దాకా అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దాని కింది చివర, పొట్టలో కలిసేచోట, గుండ్రటి కండరం ఒకటి ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు వదులై, దిగగానే మళ్లీ మూసుకుంటుంది. పొట్టలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ సంగతిని 1824లో ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌట్ తేల్చాడు. పొట్ట గోడకు జిగురు పొర, అందులో క్షారం ఉంటాయి కాబట్టి దానికి ఆ ఆమ్లం బాధ లేదు. అన్నవాహికకు అలాంటి పూత లేదు. లాలాజలం మింగుతూ ఉండడం, కండరాలు అలలు అలలుగా కిందికి నెట్టడం, ఇవే దానికున్న రక్షణ.

ఆ కింది కండరం బలం తగ్గిపోతేనే యాసిడ్ పైకి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. కొందరిలో అది నిజమే. పొట్టలో పైభాగం డయాఫ్రం సందులోంచి ఛాతీలోకి జారిన హయాటస్ హెర్నియా ఉన్నవాళ్లలో మూత సరిగా పడదు. కానీ ఎక్కువమందిలో కండరం బాగానే ఉంటుంది. ఏమీ మింగకపోయినా అది ఉన్నట్టుండి పది సెకన్లకు పైగా వదులైపోతుంది. పొట్ట ఉబ్బినప్పుడు గాలి తేనుపుగా బయటికి పోవాలి కదా, దానికోసం శరీరం పెట్టుకున్న ఏర్పాటే అది. గాలితోపాటు యాసిడ్ కూడా వచ్చేస్తుందన్నదే చిక్కు. పొట్ట ఎంత నిండితే అన్నిసార్లు వదులవుతుంది. నూనె, కొవ్వు ఎక్కువైన భోజనం పొట్టలోంచి త్వరగా ఖాళీ కాదు. రొయ్యల వేపుడుతో ఆగక, పైన పెరుగన్నం కూడా కానిచ్చి, రాత్రి పదింటికి తిని పదిన్నరకు మంచం ఎక్కే మన అలవాటు యాసిడ్‌కి ఎంత వీలుగా ఉందో వేరే చెప్పాలా?

పడుకున్నాక కష్టం రెట్టింపు. నిద్రలో లాలాజలం ఊరడం, మింగడం దాదాపు ఉండవు, కిందికి లాగే భూమ్యాకర్షణ సాయం పోతుంది. పైకి వచ్చిన యాసిడ్ వచ్చినచోటే ఉండిపోతుంది. అందుకే డాక్టర్లు తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలంటారు. మంచం తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టమంటారు. రెండు దిళ్లు వేసుకుంటే అదే ఫలితం రాదు, నడుము దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే పొట్ట అన్నవాహిక కంటే కిందికి వస్తుంది కాబట్టి యాసిడ్ త్వరగా దిగిపోతుంది. ఇందులో డబ్బు ఖర్చయ్యేది ఏదీ లేదు. బహుశా అందుకే ఎవరూ చెయ్యరు.

ఇక ఆ బిళ్ళ సంగతి. పొట్ట గోడలోని కొన్ని కణాలకు ప్రోటాన్ పంపు ఉంటుంది. హైడ్రోజన్ అయాన్లను కణం లోపలి నుంచి పొట్టలోకి తోడి పోస్తుంది. లోపలి కంటే బయట వాటి సాంద్రత సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ. అంత ఎదురుకు తోడాలంటే శక్తి కావాలి, ఆ శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో వేరుచేసి చూపినవాళ్లు సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావుది భీమవరం, 1895లో పుట్టారు. మలికిపురం నుంచి దిండి మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు పోయి, ఇంకాస్త ముందుకెళితే ఆ ఊరే. ఆయన పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది.

1988లో మార్కెట్లోకి వచ్చిన ఒమెప్రజోల్, తర్వాత వచ్చిన పాంటోప్రజోల్ ఈ పంపుకే తాళం వేస్తాయి. కాకపోతే పని చేస్తున్న పంపుకు మాత్రమే. పంపులు లేచేది అన్నం తిన్నప్పుడు. అందుకే బిళ్ళ భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. అప్పటికి మందు రక్తంలో చేరి సిద్ధంగా ఉంటుంది. మంట పుట్టాక, అర్ధరాత్రి లేచి వేసుకుంటే దాని బలంలో సగం వృథా. పొద్దున్నే ఖాళీ కడుపున బిళ్ళ వేసుకుని పదకొండింటిదాకా టీలతో నెట్టుకొచ్చేవాళ్లదీ అదే దారి. ఇంకో చిక్కు కూడా ఉంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే, అణగి ఉన్న పంపులు విజృంభించి కొన్ని వారాలు మునుపటికంటే ఎక్కువ యాసిడ్ ఊరుతుంది. జబ్బేమీ లేని వాళ్లకు రెండు నెలలు బిళ్ళ ఇచ్చి ఆపితే వాళ్లకే మంట మొదలైనట్టు పరిశోధనల్లో తేలింది. “మానేస్తే మళ్లీ వచ్చేస్తోందండీ, వదిలేలా లేదు” అనే మాట వెనక కొంత ఇదే ఉంది. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఏళ్ల తరబడి వాడేవాళ్లు బి12, మెగ్నీషియం అప్పుడప్పుడు చూపించుకోవాలి.

ఆవకాయ మీద పడే నింద గురించి కూడా ఒక మాట. మిరపకాయలోని క్యాప్సైసిన్ యాసిడ్ కాదు. 43 డిగ్రీలకు మించిన వేడినీ, ఆమ్లాన్నీ పసిగట్టే నరాల గ్రాహకం ఒకటుంది, టీఆర్‌పీవీ1 అని పేరు. క్యాప్సైసిన్ దాన్నే మీటుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కారం తిన్నప్పటి మంట నరం చెప్పే మంట. అన్నవాహిక అప్పటికే ఒరుసుకుపోయి ఉంటే ఆ నరం ఇంకా గట్టిగా చెబుతుంది. ఆవకాయ అందరికీ మానిపించాల్సిన పని లేదు. పడనివాళ్లకు పడదు, అంతే.

గుండె మాట ఇక్కడే చెప్పేయాలి. ఛాతీ మధ్యలో బరువుగా నొక్కినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం. వీటిలో ఏది కనబడినా, ముఖ్యంగా నలభై దాటినవారికి, షుగరు, బీపీ ఉన్నవారికి, సోడా తాగించి పడుకోబెట్టకూడదు. గుండె కింది గోడకు వచ్చే పోటు పొట్ట పైభాగంలో నొప్పిగా, వాంతిగా, అచ్చం గ్యాస్ లాగే ఉండొచ్చు. తేడా ఇంట్లో తేలదు, ఈసీజీ తియ్యాల్సిందే. ముందు 108కి ఫోన్ చెయ్యాలి. గుండెపోటు కాదని తేలితే అప్పుడు సోడా తాగొచ్చు.

ఇక రెండో జబ్బు. నేను ఇంత దూరం వచ్చింది దీనికోసమే.

పంక్తిలో అందరూ లేచినా ఒక్కడు ఇంకా తింటూ ఉంటాడు. ముద్ద ముద్దకీ గ్లాసు ఎత్తుతాడు. మాంసం ముక్క చిన్నచిన్నగా తుంచుకుంటాడు, రొట్టె అంటే వద్దంటాడు. అన్నంలో చారు బాగా పోయించుకుని జావలా కలుపుకుంటాడు. ఇంట్లోవాళ్లు “వీడిది చిన్నప్పట్నుంచీ నెమ్మది తిండే” అని సరిపెట్టుకుంటారు. అతనూ అదే నమ్ముతాడు. ఏదో ఒక రోజు మటన్ ముక్క ఛాతీ మధ్యలో ఇరుక్కుంటుంది, అటు దిగదు, ఇటు రాదు, ఉమ్మి కూడా మింగలేక పాత్ర పట్టుకుని కూర్చుంటాడు. నీళ్లు శ్వాసలోకి పోయి పలమారడం కాదు ఇది. ఊపిరి బాగానే ఆడుతుంది, అన్నవాహిక మూసుకుపోతుంది. ఇలాంటప్పుడు ముక్కను ఎండోస్కోపీతో తియ్యాలి. ఇంట్లో అరటిపండు మింగించి నెట్టాలని చూడకూడదు.

ఇలాంటి వాళ్లలో కొందరికి ఉండే జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్. పేరు నోరు తిరగకపోయినా అందులో సగం మనకు పరిచయమే. తుమ్ములు, దగ్గు ఆగకపోతే “ఈస్నోఫీలియా ఉందన్నారండి” అని గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు విన్నమాటే. ఇసినోఫిల్ తెల్ల రక్తకణాల్లో ఒక రకం. 1879లో జర్మన్ వైద్యుడు పాల్ ఎర్లిష్, ఇయోసిన్ అనే ఎర్రరంగును ఇష్టంగా పీల్చుకునే ఈ కణాలను గుర్తించి పేరు పెట్టాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో తెల్లకణాల్లో ఇవి నూటికి ఆరుకు మించవు. వీటి ప్రధానమైన పనుల్లో ఒకటి, నోట్లో పట్టని శత్రువులతో తలపడడం. అంటే పురుగులు. బ్యాక్టీరియాను వేరే కణాలు మింగేయగలవు, పురుగును ఏ కణమూ మింగలేదు. అందుకని ఇసినోఫిల్స్ దాని ఒంటిని అంటుకుని, తమ గింజల్లో దాచుకున్న విషపు ప్రోటీన్లు దాని మీద కక్కుతాయి.

గోదావరి డెల్టాలో వాటికి పని తక్కువేమీ లేదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు, క్యూలెక్స్ దోమ ఇక్కడి మురుగు నీళ్లకు పాత కాపులు. ఆ పురుగు పిల్లల మీద ఇసినోఫిల్స్ అతిగా విరుచుకుపడినప్పుడు ఊపిరితిత్తుల్లో వాపు వచ్చి, రాత్రిళ్లు విడవని దగ్గు పట్టుకుంటుంది. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు దీన్ని ట్రాపికల్ ఇసినోఫీలియాగా వర్ణించాడు. దానికీ, బోదకాలుకూ వాడే మందు డైఇథైల్ కార్బమజీన్. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల హెట్రజాన్ పేరుతో దాన్ని బయటికి తెచ్చింది. అప్పుడు అక్కడ పరిశోధనకు అధిపతి ఎవరనుకున్నారు? మన భీమవరం సుబ్బారావే. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి మింగించిన డీఈసీ బిళ్ళ అదే. ఆయన 1948లో న్యూయార్క్‌లో పోయారు. పొట్టలో యాసిడ్ తోడే పంపుకు ఇంధనం ఏదో చూపినవాడూ, ఇసినోఫిల్స్ వేటాడే పురుగుకు మందు తెచ్చినవాడూ ఒకరే కావడం యాదృచ్ఛికం. కానీ నదికి ఇవతలున్న మలికిపురంలో కూర్చుని ఈ వ్యాసం రాసేవాడికి ఆ యాదృచ్ఛికాన్ని వదులుకోబుద్ధి కాదు.

పేగుల్లో ఇసినోఫిల్స్ మామూలుగానే కాపురం ఉంటాయి. జీర్ణమార్గంలో అవి అసలు కనబడకూడని చోటు అన్నవాహిక. ఈ జబ్బులో జరిగేది ఆ చోటులోకి అవి గుంపుగా రావడం. పిలిచింది పురుగు కాదు, తిండిలోని ప్రోటీన్. ఎక్కువమందిలో పాలు లేదా గోధుమ, కొందరిలో గుడ్డు, సోయా. వారసత్వం వల్లనో చిన్నతనపు పరిస్థితుల వల్లనో అన్నవాహిక పొర గట్టిదనం కోల్పోయి ఉంటే, ఆ ప్రోటీన్లను రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా చూస్తుంది. ఐఎల్-13 అనే సంకేతం వెలువడుతుంది. దానికి స్పందించి అన్నవాహిక కణాలే ఇయోటాక్సిన్-3 అనే రసాయనం తయారుచేసి ఇసినోఫిల్స్‌ను రమ్మంటాయి. వచ్చినవి విషం కక్కుతాయి, కానీ పురుగు లేదు. దెబ్బ తగిలేది మన గోడకే. ఏళ్లు గడిచేకొద్దీ గోడ కింద నారపొర పేరుకుని, గొట్టం బిరుసెక్కి, చుట్లు చుట్లుగా ఇరుకవుతుంది. మగవాళ్లకు ఆడవాళ్లకంటే సుమారు మూడింతలు ఎక్కువ వస్తుంది. ఆస్తమా, ముక్కు అలర్జీ, గజ్జి లాంటి ఎక్జిమా ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ.

దీన్ని విడి జబ్బుగా గుర్తించి ఎంతో కాలం కాలేదు. సర్జన్ స్టీఫెన్ ఆట్‌వుడ్, తోటివారు 1993లో 12 మంది గురించి రాశారు. మింగలేని బాధ ఉంది, యాసిడ్ కొలిస్తే మామూలుగానే ఉంది, అన్నవాహిక ముక్క తీసి చూసే బయాప్సీలో మాత్రం ఇసినోఫిల్స్ నిండి ఉన్నాయి. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్ నుంచి అలెక్స్ స్ట్రౌమన్ బృందం ఇలాంటి పది మందిని వర్ణించింది. అంతకుముందు ఇవే కణాలు కనిపించినా “రిఫ్లక్స్ వల్లే” అని పక్కన పెట్టేవారు. 1995లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, రిఫ్లక్స్ మందులకు లొంగని పది మంది పిల్లలకు మామూలు ప్రోటీన్లేవీ లేకుండా అమైనో ఆమ్లాలతో చేసిన ఆహారం మాత్రమే ఇచ్చి చూశారు. ఎనిమిది మందికి బాధ పూర్తిగా పోయింది, ఇద్దరికి తగ్గింది. పాత తిండి మళ్లీ పెడితే బాధ తిరిగొచ్చింది. తిండే కారణమని అక్కడ తేలిపోయింది.

తేలనిది ఏ తిండి అన్నది. వేరుసెనగ పడనివాడికి తిన్న నిమిషాల్లో దద్దుర్లు లేస్తాయి. ఈ అలర్జీ అలా కాదు, రోజులూ వారాలూ పట్టి నెమ్మదిగా రగులుతుంది. చర్మం మీద చుక్క పెట్టి గుచ్చే పరీక్షగానీ, వేలు పోసి చేయించే రక్తపు అలర్జీ ప్యానెల్‌గానీ దీనికి నమ్మదగ్గ జవాబు చెప్పలేవు. రక్తంలో ఇసినోఫిల్స్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోవడానికీ లేదు. ఉన్న దారి ఎండోస్కోపీ, దాంతోపాటు బయాప్సీ. అన్నవాహిక పైనా కిందా కలిపి కనీసం ఆరు ముక్కలు తీసి, సూక్ష్మదర్శినిలో ఒక నిండు దృశ్యానికి 15 లేదా అంతకు మించి ఇసినోఫిల్స్ ఉన్నాయేమో లెక్కపెడతారు. అచ్చం ఎర్లిష్ చూసిన ఆ ఎర్రటి గింజల కణాలనే. కొందరిలో అన్నవాహిక కంటికి శుభ్రంగానే కనబడుతుంది. “గొట్టం వేసి చూశారు, ఏమీ లేదన్నారు” అన్న మాట దగ్గర ఆగకుండా, ముక్క తీశారా అని అడగాలి. దీనికి హైదరాబాద్ పరుగెత్తనక్కరలేదు, ఎండోస్కోపీ అమలాపురంలోనూ రాజమండ్రిలోనూ కాకినాడలోనూ జరుగుతుంది. మింగడానికి ఇబ్బంది అన్న మాట మాత్రం రోగే స్పష్టంగా చెప్పాలి. మంట అని మాత్రమే చెబితే డాక్టరుకు ముక్క తియ్యాలన్న ఆలోచన రాకపోవచ్చు. ముద్ద దిగకపోవడానికి క్యాన్సర్ కూడా ఒక కారణం కాబట్టి, ముఖ్యంగా పొగాకు అలవాటున్న పెద్దవాళ్లలో, అది ఏ వయసులోనైనా బిళ్ళతో దాటవేయాల్సిన లక్షణం కాదు. బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం కూడా అంతే.

ఇక్కడే అసలు తిరకాసు. గ్యాస్ బిళ్ళ ఈ జబ్బులోనూ పనిచేస్తుంది! నూటికి నలభై, యాభై మందిలో ఇసినోఫిల్స్ తగ్గిపోతాయి. యాసిడ్ తగ్గడం ఒక్కటే కారణం కాదు, ఈ మందులు ఇయోటాక్సిన్-3 తయారీని కూడా అణుస్తాయి. బిళ్ళకు తగ్గింది కాబట్టి అది అలర్జీ కాదని తీర్మానించే పాత పద్ధతిని అందుకే 2018లో అంతర్జాతీయ నిపుణులు వదిలేశారు. ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి కూడా ఉంటాయి. యాసిడ్ పొరను ఒరిపిడి చేస్తే ప్రోటీన్లు లోపలికి దూరడం తేలికవుతుంది, బిరుసెక్కిన గొట్టం యాసిడ్‌ను సరిగా కిందికి తోయలేదు.

మన దేశంలో ఇది తక్కువే. పాశ్చాత్య దేశాల్లో వెయ్యి, రెండు వేల మందిలో ఒకరికి ఉందని అంచనా. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రిఫ్లక్స్ బాధతో వచ్చిన వాళ్లకు బయాప్సీలు చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో నూటికి సుమారు ముగ్గురికి ఈ జబ్బు కనబడింది. మిగతా తొంభై ఏడు మందికీ ఈ జబ్బు గురించి కంగారు వద్దు, ఆ ముగ్గురికి మాత్రం ఆలస్యం చేటు. స్విట్జర్లాండ్ రోగుల లెక్క ఒకటి ఉంది. లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు జబ్బు పట్టుబడినవారిలో అన్నవాహిక ఇరుకైనవారు నూటికి 17 మంది. ఇరవై ఏళ్లు దాటాక పట్టుబడినవారిలో 71 మంది.

చికిత్సలో మొదటిది ఆ బిళ్ళే, డాక్టరు చెప్పిన మోతాదులో. రెండోది స్టెరాయిడ్, కానీ ఆస్తమా వాళ్ల ఇన్హేలర్‌ను పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగడం, లేదా బ్యూడెసోనైడ్‌ను చిక్కటి ద్రవంలో కలిపి తాగడం. తర్వాత అరగంట నీళ్లు కూడా ముట్టకూడదు, మందు గోడకు పట్టుకుని ఉండాలి. దానికోసమే తయారైన నోట్లో కరిగే బిళ్ళకు 2018లో యూరప్‌లో అనుమతి వచ్చింది. ఐఎల్-13 సంకేతాన్నే అడ్డగించే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు 2022లో అమెరికా అనుమతిచ్చింది.

మూడోది పథ్యం, మందే లేని చికిత్స. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, చేపలు-రొయ్యలు, ఈ ఆరూ మానిపించి, తగ్గాక ఒక్కొక్కటే తిరిగి పెట్టి, ప్రతిసారీ ఎండోస్కోపీ చేసి దోషిని పట్టుకునే పద్ధతి 2006 నుంచీ ఉంది. కోనసీమలో చేపలూ రొయ్యలూ మానమంటే మనిషి ఇల్లు వదిలిపోతాడు! అదృష్టవశాత్తూ 2023లో వెలువడ్డ అమెరికా పరీక్షలో పెద్దవాళ్లకు ఒక్క పాలు మానిపించినా ఆరూ మానిపించినంత ఫలితమే వచ్చింది. ఆరూ మానినవాళ్లలో 40 శాతం మందికి, ఒక్క పాలే మానినవాళ్లలో 34 శాతం మందికి తగ్గింది, తేడా లేనట్టే. వరి తినే మనకు గోధుమ మానడం పెద్ద కష్టం కాదు. పాలు మానడమే కష్టం. టీ, పెరుగు, మజ్జిగ, పాలకోవా అన్నీ పోతాయి, నెయ్యిలోనూ పాల ప్రోటీన్ ఆనవాళ్లుంటాయి. ప్రత్యామ్నాయం ఇంటి వెనకే ఉంది. కొబ్బరి పాలు ఈ ఆరింటి జాబితాలోకి రావు. అమెరికా ఆహార సంస్థ ఎన్నో ఏళ్లు కొబ్బరిని బాదం, జీడిపప్పుల వరసలో అలర్జీ గింజగా లెక్కవేసి, 2025 జనవరిలో ఆ జాబితాలోంచి తీసేసింది. కొబ్బరి పడనివాళ్లు లేకపోలేదు, చాలా తక్కువ. అయితే కొబ్బరి పాలలో ఆవు పాలలో ఉన్నంత ప్రోటీన్, కాల్షియం ఉండవు. ఎదిగే పిల్లలకు ఈ పథ్యం సొంతంగా మొదలుపెట్టకూడదు.

అప్పటికే గొట్టం ఇరుకైపోయినవాళ్లకు బెలూన్‌తో మెల్లగా వెడల్పు చేస్తారు. ముద్ద ఆ మర్నాటి నుంచే దిగుతుంది, బాధ పోయిందని మందు మానేస్తారు. గోడలో వాపు మాత్రం తగ్గి ఉండదు. ఈ జబ్బులో ఒంటికి తెలిసేది వేరు, గోడలో ఉండేది వేరు. అందుకే మందో పథ్యమో కొనసాగిస్తూ, కొన్ని నెలలకు మళ్లీ ముక్క తీసి ఇసినోఫిల్స్ లెక్కపెడతారు.